నూకరత్నం పై అధికారి

అఖండ యాజమాన్య విద్యాపీఠం వారికి ఆ ఏడాది ఉన్నట్టుండి అనుభవం మీద ప్రేమ పుట్టింది. అంతవరకు వాళ్ళ ప్రేమంతా మార్కుల మీదే. ప్రవేశ పరీక్షలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకి సీటిచ్చి, రెండేళ్ళు కూర్చోబెట్టి, చేతిలో పట్టా పెట్టి పంపేవారు. అలాంటిది ప్రవేశాల డీన్ చక్రధర్ గారు ఆ వేసవిలో ఏదో సదస్సుకి వెళ్ళారు. అక్కడ మూడు రోజుల పాటు, భోజనానికీ భోజనానికీ మధ్య, అందరూ అనుభవం గురించే మాట్లాడారట. ఆయన వచ్చీ రాగానే సర్క్యులర్ వేశారు. పరీక్షకి ఇరవై మార్కులు, ఇంటర్వ్యూకి ముప్ఫై, పని అనుభవానికి యాభై. "మేం మార్కులను చూడం, మనుషులను చూస్తాం" అని గేటు మీద బోర్డు కూడా పెట్టించారు. ఆ బోర్డు కిందే వాచ్‌మన్ కూర్చుని, చేతిలో కాగితం లేని మనుషులెవరూ లోపలికి రాకుండా చూసుకునేవాడు.

ఆ బోర్డు చదివి నిజంగా సంతోషించిన మనిషి నూకరత్నం. ఆవిడకి ముప్ఫై రెండేళ్ళు. కడియం దగ్గర ఎనిమిదెకరాల మొక్కల నర్సరీ నడుపుతోంది. బీయస్సీ చివరి ఏడాదిలో ఉండగా తండ్రికి వైరాగ్యం పుట్టి, నర్సరీనీ నలభై మంది పనివాళ్ళనీ ఒక్కసారిగా వదిలేసి ఆశ్రమంలో చేరిపోయాడు. పరీక్షలు రాసిన వారానికే ఆవిడ మట్టిలోకి దిగింది. ఈ పదకొండేళ్ళలో ఆవిడ మొక్కలు పుణే దాకా, భువనేశ్వర్ దాకా వెళ్ళాయి. అయితే అంతా చీకట్లో తడుముకుంటూ చేసిన పనే. ఏ ఏడాది మందారం ఎందుకు అమ్ముడుపోయిందో, మరుసటి ఏడాది అదే మందారం ఎందుకు మిగిలిపోయిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి తరగతి గదిలో కూర్చుని, తాను చేసిందేమిటో తెలిసినవాళ్ళ నోట వినాలని ఆవిడ కోరిక. పని చేసుకునేవాళ్ళ కోసం విద్యాపీఠం వారు శని, ఆదివారాల్లో ఎంబీఏ చెబుతారు. దాని కోసం రెండేళ్ళ పాటు తెల్లవారుజామున లేచి, మట్టి కలిపే షెడ్డులో కూర్చుని చదివి, ప్రవేశ పరీక్షలో నూటికి తొంభై ఆరు మందిని దాటింది. ఆ స్కోరు ఈ ఒక్క ఏడాదికే చెల్లుతుంది. మళ్ళీ రాయాలంటే మళ్ళీ అంత ఓపిక తనకి లేదని ఆవిడకి బాగా తెలుసు.

దరఖాస్తు పట్టుకుని వెళితే కిటికీ వెనక సూపరింటెండెంటు పేరిశాస్త్రి గారు కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. కాగితాలు తిరగేసి, స్కోరు దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకున్నారు.

"స్కోరు బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇరవైకి పంతొమ్మిది వేసేసుకోవచ్చు. అనుభవం ఎన్నేళ్ళు?"

"పదకొండేళ్ళండి."

"శుభం. ఏడాదికి అయిదు చొప్పున పదేళ్ళకే యాభై నిండిపోతాయి. సర్టిఫికెట్టు ఇలా ఇవ్వండి."

"సర్టిఫికెట్టంటే, నర్సరీ నాదేనండి. నేనే నడుపుతున్నాను."

శాస్త్రిగారు ఆవిడ వంక జాలిగా చూశారు. "అదేంటమ్మా, అలా చేశారు? ఏడో నంబరు ఫారం చూడండి. 'అభ్యర్థి పై అధికారి సంతకం, హోదా, గుండ్రటి ముద్ర' అని ఉంది. మీ పై అధికారి ఎవరు?"

"ఎవరూ లేరండి."

"మరి మీరు పని చేస్తుంటే ఎవరు చూశారు?"

"నలభై మంది పనివాళ్ళు చూశారండి."

"వాళ్ళు కింద నుంచి చూశారమ్మా. ఫారం పై నుంచి చూడమంటోంది."

నూకరత్నం సంచిలోంచి పదకొండేళ్ళ పన్నుల కాగితాలు తీసి కిటికీలో పెట్టింది. శాస్త్రిగారు వాటిని ముట్టుకోకుండానే చదివారు. "ఇవి మీరు పన్ను కట్టారని చెప్తాయి. పని చేశారని చెప్పవు. పోనీ మీ నాన్నగారి చేత సంతకం పెట్టించండి."

"ఆయన మౌనవ్రతంలో ఉన్నారండి."

"మౌనానికీ సంతకానికీ విరోధం లేదు కదమ్మా."

"లోకంతో సంబంధం వద్దని సంతకం కూడా మానేశారండి."

ఆవిడ వెనకే సాత్విక్ అనే కుర్రవాడు నిలబడి ఉన్నాడు. హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాడు. చేశాడంటే, చేరిన రోజు నుంచి అతనికి ఏ పనీ అప్పగించలేదు. రోజూ వెళ్ళి, గేటు దగ్గర కార్డు గీకి, కాఫీ తాగి, కూర్చుని వచ్చేసేవాడు. ఈ సంగతి అతనే దాపరికం లేకుండా చెప్పాడు. అతని ఫారం మీద మూడు సంతకాలు, రెండు గుండ్రటి ముద్రలు ఉన్నాయి. "నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పై అధికారి మాట జవదాటలేదు" అని రాసి ఉంది. అతనికి ఎవరూ ఏ మాటా చెప్పలేదు కాబట్టి అది అక్షరాలా నిజం. శాస్త్రిగారు ఆ ఫారాన్ని తృప్తిగా చూసి, నాలుగు అయిదులు ఇరవై అని వేసి, "అనుభవం అంటే ఇలా ఉండాలమ్మా" అన్నారు.

నూకరత్నం తిన్నగా డీన్ గారి గదికి వెళ్ళింది.

చక్రధర్ గారు ఆ విద్యాపీఠంలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే డీన్ అయ్యారు. గేటు బయట ఒక్క రోజు కూడా పని చేసిన మనిషి కాదు. అందుకే అనుభవం అంటే ఆయనకి ఎన్నడూ చూడని చుట్టం మీద ఉండేంత గౌరవం. ఆవిడ చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"మేడం, అనుభవం రెండు రకాలు. ధ్రువీకృత అనుభవం, అధ్రువీకృత అనుభవం. మీది రెండోది. దాన్ని మా పరిభాషలో జీవితం అంటాం. దురదృష్టవశాత్తు జీవితానికి మార్కులు కేటాయించలేదు."

"మరి నన్నేం చేయమంటారండి?"

"మీ సంస్థలో నివేదన వ్యవస్థ లోపించింది. తక్షణం ఒక పై అధికారిని ఏర్పాటు చేసుకోండి. కమిటీ మీ విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తుంది."

"నా మీద పై అధికారిని నేనే వేసుకోవాలాండి?"

"పెద్ద సంస్థల యజమానులందరూ చేసేది అదే. దాన్ని వృత్తిపరమైన పరిణతి అంటాం" అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

దారి పొడుగునా ఆవిడ ఆలోచిస్తూనే వ్యాను నడిపింది. తన మీద అధికారిగా కూర్చోదగ్గ మనిషి నర్సరీలో ఒక్కడే కనిపించాడు. గవర్రాజు. అరవై మూడేళ్ళవాడు. అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఆవిడ తండ్రి కాలం నుంచి ఉన్నాడు. నూకరత్నం నర్సరీలోకి దిగిన మొదటి ఏడాది, కత్తి ఎలా పట్టుకోవాలో తెలియక కొమ్మలు పాడు చేస్తుంటే, చేతి మీద కొట్టినంత పని చేసి నేర్పింది అతనే. ఆవిడ అతన్ని బాబాయ్ అంటుంది. అతను ఆవిడని అమ్మాయిగారు అంటాడు.

సంగతి వినగానే గవర్రాజు చేతిలో కత్తి పక్కన పెట్టాడు.

"నాలుగో తరగతితో ఆపేసినోణ్ణండి. నన్ను మీ మీద ఆఫీసర్ని చేత్తే జనం నవ్వరాండి?"

"జనానికి చెప్పం బాబాయ్. కాలేజీ వాళ్ళకే చెప్తాం."

"ఎప్పట్నించండి?"

"పదకొండేళ్ళ కిందటి నుంచి."

గవర్రాజు కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ నాకు తెలీకుండానే నేను ఆఫీసర్నాండి?"

"మీకే కాదు బాబాయ్, నాకూ తెలియదు."

అలా గవర్రాజు చీఫ్ జనరల్ మేనేజర్ అయ్యాడు. ఉత్తర్వు మీద సంతకం నూకరత్నమే చేసింది. రాజమండ్రిలో గుండ్రటి ముద్ర కూడా చేయించింది. ఏడో నంబరు ఫారం మీద గవర్రాజు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, మూడు నిమిషాలు పట్టి సంతకం చేశాడు. అబద్ధం ఆడుతున్నానని ఆవిడ మనసు పీకింది. మొదటి ఏడాది నిజంగా ఆయన కిందే పని చేశాను కదా అని సర్దిచెప్పుకుంది.

ఫారం తీసుకున్న శాస్త్రిగారు ఎంత సంతోషించారో చెప్పలేం. ఆ పై అధికారిని ఎవరు నియమించారని ఫారంలో ఎక్కడా లేదు కాబట్టి ఆయన అడగలేదు. వారం తిరగకుండా నర్సరీకి ఒక కవరు వచ్చింది. "గౌరవనీయులైన చీఫ్ జనరల్ మేనేజర్ గారికి" అని పైన ఉంది. అభ్యర్థిని గురించి గోప్య నివేదిక సమర్పించవలసిందని, అందులోని ఒక్క అక్షరం కూడా అభ్యర్థి కంట పడరాదని, అవసరమైతే తమరు స్వయంగా విచ్చేసి మా కార్యాలయంలో పూర్తి చేయవచ్చునని లోపల ఉంది. గవర్రాజుకి నాలుగో తరగతి చదువుతో అంత భాష కొరుకుడు పడదు కాబట్టి ఆ ఉత్తరం అభ్యర్థే చదివి వినిపించింది.

మర్నాడు తనే వ్యానులో తీసుకువెళ్ళింది. గవర్రాజుని లోపలికి పిలిచి, ఆవిడని వరండాలో బల్ల మీద కూర్చోమని శాస్త్రిగారు తలుపు మూశారు. ఇరవై ఆరేళ్ళుగా కిటికీలోంచి మాట్లాడిన గొంతు కావడం వల్ల, ఆ గోప్య నివేదిక వరండా చివర జెరాక్సు మిషను దాకా వినిపించింది.

"ఒకటో ప్రశ్న. ఒత్తిడి సమయాల్లో అభ్యర్థి ప్రవర్తన ఎలా ఉంటుంది?"

"తుఫానప్పుడు మొక్కల మీద నీడకేసిన వలలన్నీ ఎగిరిపోయాయండి. అమ్మాయిగారు మోకాలి లోతు నీళ్ళలో దిగి, పదివేల మొక్కలు గట్టెక్కించాకే అన్నం తిన్నారండి."

"ఆహారపు వేళలు పాటించదు" అని రాసుకుంటూ పైకి చదివారు శాస్త్రిగారు. "రెండోది. అభ్యర్థిలో మీరు గమనించిన లోపం?"

"లోపమంటే ఏటండి, ఎవరి చేతిలో మొక్క చచ్చిపోయినా తప్పు నాదే అంటారండి. కుర్రోళ్ళని ఒక్క మాట అనరండి."

"పదే పదే తప్పులు చేసి, వాటిని స్వయంగా అంగీకరించింది." కలం ఆగింది. "మూడోది చాలా ముఖ్యం. దీనిమీదే ఏళ్ళన్నీ ఆధారపడి ఉన్నాయి. అభ్యర్థి మీ ఆదేశాలను పాటిస్తుందా?"

వరండాలో నూకరత్నం లేచి నిలబడింది. ఒక్క అబద్ధం చెప్పు బాబాయ్ అని మనసులో అనుకుంది. గవర్రాజు అరవై మూడేళ్ళలో అబద్ధం అవసరం పడని మనిషి.

"నా మాట ఆవిడ వినడవేంటండి? నేనే ఆవిడ మాట ఇంటానండి. మొదటి ఏడాది మాత్రం ఇన్నారండి. తర్వాత నాకంటే ఆవిడకే ఎక్కువ తెలిసిపోయిందండి."

లోపల కలం చప్పుడు వినిపించింది. తర్వాత శాస్త్రిగారు బరువుగా చదివారు. "మొదటి ఏడాది మినహా అభ్యర్థి పై అధికారి ఆదేశాలను బొత్తిగా పాటించలేదు. పైగా పై అధికారి చేతే తన ఆదేశాలు పాటింపజేసింది. ధిక్కారంలో గడిచిన కాలం సేవాకాలం కిందికి రాదు. అనుభవం ఒక సంవత్సరం. అయిదు మార్కులు."

నూకరత్నం మళ్ళీ బల్ల మీద కూర్చుంది. పదకొండేళ్ళు ఒక్క కలం పోటుతో ఏడాది అయిపోయాయి.

లోపల మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. అది అభ్యర్థి గురించి కాదు, పై అధికారి గురించే. మీ నాయకత్వ పద్ధతి ఏమిటి అని శాస్త్రిగారు అడిగారు.

"నాకు పద్ధతేటండి. అంటు కట్టేక దాన్ని మాటిమాటికీ కదిపి చూడకూడదండి. నమ్మి వదిలెయ్యాలండి. మనుషులైనా అంతేనండి."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. శాస్త్రిగారు తలుపు తీసుకుని, వరండాలో ఎవరినీ చూడకుండా డీన్ గారి గదికి పరిగెత్తారు. పది నిమిషాల్లో చక్రధర్ గారు స్వయంగా వచ్చి గవర్రాజు చేయి పట్టుకుని ఊపారు. ఇంటర్వ్యూ బోర్డులో పరిశ్రమ నిపుణుడొకరు ఉండాలని నిబంధన. చీఫ్ జనరల్ మేనేజర్ హోదాలో పదేళ్ళు పైబడిన మనిషి ఆ జిల్లాలో దొరక్క, రెండేళ్ళుగా ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

"మీవంటి క్షేత్రస్థాయి దార్శనికుల కోసమే మా వ్యవస్థ నిరీక్షిస్తోంది" అన్నారు డీన్ గారు.

"ఆయ్" అన్నాడు గవర్రాజు. తిరుగు ప్రయాణంలో వ్యానులో అడిగాడు, "ఆయనేటన్నారండి?"

"నన్ను మీరే ఇంటర్వ్యూ చేస్తారట బాబాయ్."

ఇంటర్వ్యూ రోజున గవర్రాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దాని మీద "పరిశ్రమ నిపుణుడు" అని బిళ్ళ పెట్టించుకుని బోర్డు మధ్యలో కూర్చున్నాడు. ఒక పక్క డీన్ గారు, ఇంకో పక్క ప్రవర్తనా శాస్త్రం చెప్పే ప్రొఫెసరు హేమలత గారు, కొసన కాగితాలతో శాస్త్రిగారు. అభ్యర్థికి పై అధికారి బోర్డులో ఉండవచ్చా అని హేమలత గారు ఒక సందేహం లేవదీశారు. బంధువులైతే కూడదని ఉంది గాని అధికారైతే కూడదని లేదని శాస్త్రిగారు నిబంధన చదివి వినిపించారు.

నూకరత్నం లోపలికి వచ్చింది. రాగానే గవర్రాజు లేచి నిలబడ్డాడు. యజమాని వస్తే లేవడం ముప్ఫై ఏళ్ళ అలవాటు, బిళ్ళ పెట్టుకున్నంత మాత్రాన పోదు. పరిశ్రమ నిపుణుడు లేచాక కూర్చోవడం బాగుండదని డీన్ గారు లేచారు. ఆయన లేచాక మిగతావాళ్ళూ లేచారు. ఇంతమంది పెద్దలు నిలబడి ఉండగా కూర్చోలేక నూకరత్నం నిలబడింది. ఆవిడ కూర్చోకుండా గవర్రాజు కూర్చోడు. అలా బోర్డంతా రెండు నిమిషాల పాటు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడిపోయింది. "కూర్చోండి బాబాయ్" అని ఆవిడ మెల్లిగా అంటే గాని ఎవరికీ కూర్చునే యోగం పట్టలేదు.

"గమనించారా హేమలతగారూ," అన్నారు డీన్ గారు గొంతు తగ్గించి. "కింది ఉద్యోగి వస్తే లేచి నిలబడ్డారు. ఎంత సంస్కారం."

"అభ్యర్థి మాత్రం పై అధికారికి కూర్చోమని ఆదేశం ఇచ్చింది" అన్నారు హేమలత గారు రాసుకుంటూ.

డీన్ గారు గోప్య నివేదిక తెరిచారు. "మేడం, మీరు పై అధికారి మాట వినరని ఇక్కడ ఉంది. మీ వివరణ?"

నూకరత్నం ఎటూ కదల్లేకపోయింది. ఈయన నా పనివాడు అంటే సర్టిఫికెట్టు దొంగదవుతుంది. అనకపోతే తాను ధిక్కారి అవుతుంది. ఆవిడ నోరు తెరిచేలోపే గవర్రాజు చేతులు జోడించాడు.

"అయ్యా, ఇదంతా ఎందుకండి. నేను ఆవిడ దగ్గర పనోణ్ణండి. ఆవిడే మా యజమానండి. నేను అంటు కట్టుకునేవాణ్ణండి."

అంతా అయిపోయిందని నూకరత్నం కళ్ళు దించుకుంది. నిజం బయటపడినందుకు, చెప్పొద్దూ, కాస్త తేలికగా కూడా అనిపించింది.

డీన్ గారు మెల్లగా చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "సేవక నాయకత్వం. తన కింద ఉన్నవారికి తానే సేవకుడినని చెప్పుకోగలగడం. నేను దీని మీద పద్నాలుగు పరిశోధనా పత్రాలు రాశాను, ఒక్క సేవక నాయకుణ్ణి కూడా ప్రత్యక్షంగా చూడలేదు."

"కాదండయ్యా, నిజంగానే పనోణ్ణండి."

"అదే, అదే. పట్టుబట్టి చెబుతున్నారు చూడండి" అన్నారు హేమలత గారు.

"అవునండి, అది నిజమేనండి" అంది నూకరత్నం. "నర్సరీ నాదండి. ఆయన్ని ఈ పదవిలో నేనే వేశానండి."

డీన్ గారి మొహం గంభీరమైంది. "మేడం, అధికారి వినయంగా మాట్లాడితే కింది ఉద్యోగి దాన్ని అవకాశంగా తీసుకోకూడదు. రాసుకోండి శాస్త్రిగారూ."

చివర్లో నిపుణుణ్ణి మార్కులు వేయమన్నారు. గవర్రాజు ఎంతదాకా వేయొచ్చో అడిగి, ముప్ఫైకి ముప్ఫై వేశాడు. తక్కినవాళ్ళ మార్కులకీ దానికీ పొంతన లేకపోవడంతో, అసాధారణ విలువ అని నిబంధన ప్రకారం దాన్ని తీసేశారు.

జాబితా పెట్టిన రోజున నూకరత్నం పేరు వెయిటింగ్ లిస్టులో మొదట ఉంది. చివరి సీటు సాత్విక్‌కి వచ్చింది. జూన్ నెలాఖరు వరకు ఆవిడ రోజూ ఫోను చూసుకుంది. సీటు వదులుకున్నవాళ్ళెవరూ లేరు. ముప్ఫయ్యో తేదీ సాయంత్రం ఆవిడ స్కోరు చెల్లకుండా పోయింది. ఆ రోజు ఆవిడ షెడ్డులో కూర్చుని మట్టి చేతులతోనే ఏడ్చింది. అంత చదువు ఎందుకు చదివానా అని కాదు, ఆ గదిలో కూర్చోలేకపోయానే అని ఏడ్చింది.

జులై మొదటి వారంలో గవర్రాజుకి ఇంకో కవరు వచ్చింది. ఆయన్ని విద్యాపీఠంలో అనుభవ ఆచార్యుడిగా నియమిస్తున్నామని, వారాంతపు ఎంబీఏ విద్యార్థులకి ప్రతి శనివారం నాయకత్వం బోధించవలసిందని దానిలో ఉంది. విద్యార్థికి పరీక్ష స్కోరు, డిగ్రీ, అనుభవం కావాలి. అనుభవ ఆచార్యుడికి అనుభవం ఒక్కటే చాలు. మీ పై అధికారి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని కింద ఉన్న గడిని శాస్త్రిగారు "పై అధికారి లేరు, వర్తించదు" అని రాసి ముందుగానే కొట్టేశారు.

"నేనెల్లనండి" అన్నాడు గవర్రాజు.

"వెళ్ళండి బాబాయ్. నేనూ వస్తాను. ఆ గదులు లోపల ఎలా ఉంటాయో ఒకసారి చూస్తాను" అంది నూకరత్నం.

శనివారం తొమ్మిదింటికి ఆవిడ వెనక బెంచీలో కూర్చుంది. అయిదు నిమిషాలైనా కాకముందే శాస్త్రిగారు హాజరు పుస్తకంతో వచ్చి, పేరు లేనివాళ్ళు కూర్చోకూడదని, ఆచార్యుల వారి సిబ్బంది వరండాలో వేచి ఉండాలని మర్యాదగానే చెప్పారు. ఆవిడ లేచి వెళ్ళింది. లోపల గవర్రాజు రెండు కొమ్మలు, కత్తి, తడి పీచు బల్ల మీద పెట్టుకుని అంటు కట్టడం మొదలుపెట్టాడు. అతనికి తెలిసిన పని అదొక్కటే. అరవై మంది ఊపిరి బిగపట్టి చూస్తూ రాసుకున్నారు. కొమ్మ ఏటవాలుగా కోయాలని అతను అంటే, "సార్, ఏటవాలు అంటే సంస్థాగత నిర్మాణంలో ఏ స్థాయి?" అని సాత్విక్ అడిగాడు.

వరండాలో నడుస్తూ నూకరత్నం పక్క గది కిటికీ దగ్గర ఆగింది. అక్కడ ఎవరో కొత్త మేడం, చిన్న వయసే, బోర్డు మీద రాస్తూ పాఠం చెబుతోంది. "పోయిన ఏడాది ఎంత అమ్మామో అందరూ రాసుకుంటారు. అడిగి, లేదనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో ఎవరూ రాసుకోరు. రాసుకుంటే ఏమవుతుందంటే..."

పదకొండేళ్ళలో తాను లేవని చెప్పి పంపేసిన లారీలన్నీ నూకరత్నం కళ్ళ ముందు కదిలాయి. ఒక్కదాన్నీ ఎక్కడా రాసుకోలేదు. కిటికీ ఊచ పట్టుకుని ఇంకాస్త ముందుకి వంగింది. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. మేడం చాక్‌పీసు కింద పెట్టి, మిగతాది వచ్చే వారం అని చెప్పి వెళ్ళిపోయింది.

వెనక డీన్ చక్రధర్ గారు నిలబడి ఉన్నారు. ఆయన మనసు మంచిదే. సీటు రానివాళ్ళంటే ఆయనకి ఎప్పుడూ జాలే.

"అధైర్యపడకండి మేడం. పదకొండేళ్ళు అటువంటి మహానుభావుడి కింద ఉండి కూడా మీరు ఏమీ గ్రహించలేకపోయారు, అంతే. ఇకనైనా ఆయన్ని జాగ్రత్తగా గమనించండి. ఓ మూడేళ్ళు ఆయన చెప్పినట్టు వినండి. తర్వాత పరీక్ష మళ్ళీ రాయవచ్చు."

"అలాగేనండి" అంది నూకరత్నం.

తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం దాటాక గవర్రాజు ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మాయిగారూ, నేనెక్కడైనా తప్పు చెప్పేనాండి?"

"ఎక్కడా చెప్పలేదు బాబాయ్."

"మరి మీ సీటు ఎందుకు పోయిందండి?"

ఆవిడ గేరు మార్చింది.

"నేను రాజీనామా ఇచ్చేత్తానండి. ఈ ఆఫీసరు పని నా వల్ల కాదండి."

"ఎవరికిస్తారు?"

"మీకేనండి."

"నేను మీ కింద ఉద్యోగిని బాబాయ్. మీ రాజీనామా తీసుకునే అధికారం నాకు లేదు" అని, ఆ నెలలో మొదటిసారి నవ్వింది నూకరత్నం. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గవర్రాజుకి నవ్వు రాలేదు. "అయితే నన్నింకెవరు దింపుతారండి?"

"ఇప్పుడప్పుడే దిగకండి బాబాయ్. వచ్చే శనివారం కూడా మీకు క్లాసు ఉంది. నేనే తీసుకొస్తాను. పక్క గదిలో ఆ మేడం 'ఏమవుతుందంటే' అని ఆపేసింది. అదేమిటో వినాలి."